యాదగిరి డబ్బా, నా తిలకం చుక్క

పోయిన నెల యాదగిరి పక్కిల్లు ఖాళీ చేసి ఘట్‌కేసర్ వెళ్ళిపోతూ, లారీ ఎక్కాల్సిన సామానులోంచి ఒక నల్లటి పెట్టెను వేరు చేయించి మా గుమ్మంలో దింపించాడు. "అన్నా, దీన్ని ఫ్లాటుల పెడితే కిందోళ్ళు మీదికొచ్చి కొడ్తరు. నీ తాన్నే ఉండనీ" అన్నాడు. మోకాలెత్తు పెట్టె. ముందు వైపు నల్లగుడ్డ, వెనక రెండు మూడు రంధ్రాలు, ఒక తిప్పుడు నాబ్, దట్టంగా ఎండిపోయిన పసుపు. దీని అసలు పేరు సబ్ వూఫర్. పాటలో అడుగున ఉండే బరువైన మోతల్ని, అంటే మృదంగపు ఎడమ పక్క తొప్పినీ డోలు గుండెనీ పలికించడం దీని పని. యాదగిరి మాత్రం దీన్ని ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు. ఆయనకిది డబ్బా.

చిన్ననాటి సంగతులు రాయమంటే అందరూ పదేళ్ళ వయసుకు వెళ్ళిపోతారు. నాకా సౌకర్యం లేదు. రేపల్లె వైపు మా ఊళ్ళో నేను పెరిగిన తీరులో చిన్నతనం అనేది పెద్దగా చోటుచేసుకోలేదు. ఇంటికి పెద్దకొడుకుని, ఆటలకు పిలిచేవాళ్ళు తక్కువ, పిలిచినా గోళీలను సైజుల వారీగా సర్దుతూ కూర్చునేవాణ్ణి. ఆ తర్వాత చదువు, నాచారం పారిశ్రామికవాడలో నీళ్ళ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం, పెళ్ళి, పిల్ల. నేలమీద పాకడం, తోటివాడితో అలగడం, 'నాదంటే నాది' అని కొట్లాడుకోవడం, ఇవన్నీ నాకు యాభై దాటాక, నాచారంలో సొంత ఇల్లు కట్టుకున్నాక సంభవించాయి. కాబట్టి నా బాల్యం గురించి రాయాలంటే ఈ డబ్బా దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్పెక్షన్ విభాగం. తయారైన మోటారును కొలిచి, మర బిగించి, సరిగ్గా ఉందనుకున్నాక మరొకరు ఆ మరను కదపకుండా దాని తలమీద ఎర్ర రంగు చుక్క పెట్టడం నా పని. ఆ చుక్క పడిందంటే ఇక ఆ మర జోలికి ఎవరూ పోకూడదు. జేబులో చిన్న రంగు సీసా, సన్నటి బ్రష్షు ఎప్పుడూ ఉండేవి. అలాంటివాడికి స్నేహితులు ఉండరని వేరే చెప్పాలా? క్యాంటీన్లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు కూడా పళ్ళెం సరిగ్గా పట్టుకున్నామా లేదా అని ఒకసారి చూసుకుని కూర్చునేవారు. యాదగిరి అదే ఫ్యాక్టరీలో డిస్పాచ్ విభాగం. ఆలేరు దగ్గర పల్లెటూరు ఆయనది. మా ఇంటి పక్క స్థలమే కొని, ఖర్చు కలిసొస్తుందని మా గోడనే తన గోడగా చేసుకుని ఇల్లు కట్టాడు. అటు ఆయన హాలు, ఇటు మా హాలు, మధ్యలో ఒకే గోడ. నేను ఆయన్ని 'మీరు' అనేవాణ్ణి, ఆయన నన్ను 'నువ్వు' అనేవాడు. ఆయన మర్యాద అందులోనే ఉండేది.

హబ్సిగూడలో ఒక శాస్త్రవేత్త బదిలీ మీద ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఆయన దగ్గర ఒక యాంప్లిఫయరు, జత చిన్న స్పీకర్లు కొన్నాను. వాటిని పుస్తకాల అర స్పీకర్లు అంటారని ఆయన చెప్పాడు. చెప్పినదాన్ని చెప్పినట్టు పాటించే మనిషిని కాబట్టి తిన్నగా తీసుకెళ్ళి పుస్తకాల అరలోనే, నా డైరీల వరసకు అటొకటి ఇటొకటి ఇరికించాను. అలా ఇరికించకూడదని చాలా కాలం తర్వాత చదివాను. పాడేవాళ్ళ గొంతు మాత్రం నీళ్ళలో గులకరాయిలా స్పష్టంగా వచ్చేది. మృదంగం దగ్గరికి వచ్చేసరికి ఎవరో అగ్గిపెట్టె మీద వేళ్ళు ఆడిస్తున్నట్టుండేది. మొదటి ఆదివారం నేను ఒక కచేరీ పెట్టుకుని కళ్ళు మూసుకుని తెరిచేసరికి, కిటికీలోంచి ప్రహరీ మీదుగా యాదగిరి తల కనిపించింది.

"అన్నా, గా మద్దెల కొట్టేటోడు పొద్దుగాల ఏం తినలేదా?"

నాకు రోషం వచ్చింది. "అది చిన్న స్పీకరండీ. దాని పరిధి అంతే."

"నా తాన ఉన్నది తిన్నోడు. పంపియ్యాల్నా?"

ఆ తిన్నవాడే ఈ డబ్బా. అంతకు ముందు వానాకాలంలో పిడుగు పడి యాదగిరి ఇంట్లో హోమ్ థియేటర్ మొత్తం మాడిపోయిందట. ప్లగ్గు తీసి ఉండబట్టి ఇదొక్కటే బతికింది. నా దగ్గర గొంతు ఉంది, ఆయన దగ్గర పొట్ట ఉంది. రెంటినీ కలిపితే మనిషి అవుతాడని ఇద్దరం అనుకున్నాం.

అప్పట్నుంచి ఆదివారం పదింటికి మా హాల్లో కూర్చోవడం అలవాటైంది. మా ఆవిడ కామేశ్వరి పెసరట్లు వేసేది. యాదగిరి భార్య బాలమణి సర్వపిండి చేసి, నువ్వులు అంటిన మూత పెట్టి పంపేది. యాంప్లిఫయరు వేడెక్కుతుంటే దాని జల్లెడ కంతల్లోంచి కాలిన దుమ్ము వాసన, దాని వెనకే ఉల్లిపాయ వేగిన వాసన, గాలి ఇటు తిరిగితే ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటైన మందుల వాసన. ఈ మూడూ కలిస్తే ఇప్పటికీ నాకు పాట మొదలవబోతోందనే అనిపిస్తుంది.

డబ్బాను ఎక్కడ పెట్టాలో తేలలేదు. గదిలో ఒకచోట పెడితే మోత గుహలోంచి వచ్చినట్టు, ఇంకోచోట పెడితే అసలు లేనట్టు ఉండేది. ఒక పత్రికలో దీనికి ఉపాయం చదివాను. మనం కూర్చునే కుర్చీ మీద డబ్బాను పెట్టి, పాట నడిపి, మనం నేలమీద పాకుతూ గోడల వెంట తిరగాలట. ఎక్కడ చెవికి మోత నిండుగా, శుభ్రంగా వినిపిస్తే అక్కడ డబ్బాను దించాలట. శాస్త్రీయంగా ఉందనిపించింది. డబ్బాను కుర్చీ ఎక్కించాం. పంచె ఎగ్గట్టి నేను తూర్పు గోడ నుంచి, పని తొందరగా అవుతుందని యాదగిరి పడమటి గోడ నుంచి పాకడం మొదలుపెట్టాం. చెవి నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని పాకేవాళ్ళకు ఎదురుగా ఏం వస్తుందో తెలియదు కదా. ఉత్తరం వైపు మూలలో ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. సరిగ్గా అప్పుడే లలితా పారాయణానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. అందులో ఒకావిడ, "అయ్యో, ఉంగరం పోయిందాండీ?" అంది. ఇంకొకావిడ కుర్చీలో కూర్చుని ఉన్న డబ్బాను చూసి దండం పెట్టాలా వద్దా అని తేల్చుకోలేక ఆగింది.

"ఉంగరం కాదమ్మా, మద్దెల పోయింది. ఎతుకుతున్నం" అన్నాడు యాదగిరి, నుదురు రుద్దుకుంటూ.

తలలు ఢీకొన్న ఆ మూలే అన్నింటికంటే బాగుంది. కానీ అది ఈశాన్యం, కామేశ్వరి దేవుడి అర ఉన్న మూల. "ఈశాన్యంలో బరువా? ఇంటి యజమాని బాగుండొద్దూ?" అంది. యజమానిగా నాకు సందేహం కలిగింది. ఇక చివరికి రెండిళ్ళ మధ్య గోడకు ఆనించి పెట్టాం. వారం తిరక్కుండా బాలమణి వచ్చింది. "బావా, మా అత్తమ్మ ఫోటో గోడ మీద ఊగుతున్నది. బతికున్నప్పుడు భజనల గూడ గింత ఊగలే."

అసలు గొడవ నాబ్ దగ్గర. ఎంత లోతు స్వరం నుంచి పాటను స్పీకర్లు వదిలేసి డబ్బా అందుకోవాలో ఆ హద్దును ఈ నాబ్ చెబుతుంది. అంకెలు అరవై నుంచి మొదలవుతాయి. అరవై మీద పెడితే డబ్బా మరీ అడుగు మోతలే పలుకుతుంది, నూట ఇరవై మీద పెడితే పైన ఇంకాస్త అందుకుంటుంది. రెండూ కలిసినచోట అతుకు కనబడకూడదు. మా దగ్గర అతుకు కనబడేది. పాడే ఆయన గొంతులో సగం నా డైరీల మధ్య నుంచీ, మిగతా సగం డబ్బాలోంచీ వచ్చేది. ఆ రెండో సగం, బానలో తల పెట్టి మాట్లాడినట్టు బొంగురుగా ఉండేది. హద్దు తప్పుగా ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం. ఏ హద్దు సరైందో మాత్రం ఒప్పుకోలేదు.

నేను మృదంగం పెట్టి వినేవాణ్ణి. అరవై మీద ఒక్కొక్క జతీ ముత్యంలా విడిగా రాలుతోందని నా చెవులు సాక్ష్యం చెప్పేవి. యాదగిరి తన ఊరి జాతరలో రికార్డు చేయించిన డప్పుల క్యాసెట్ పెట్టేవాడు. "అరవైల గా డప్పు సచ్చిపోయింది అన్నా. నూట ఇరవై పెట్టు, సూడు, ఛాతి మీద దరువేస్తది" అనేవాడు. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి నాబ్ తిరిగి ఉండేది. ఆయన టీ తాగడానికి వంటగది గుమ్మం దాకా వెళ్తే నేను వెనక్కి తిప్పేవాణ్ణి. తిప్పినవాడికల్లా పాట బాగుపడినట్టు వినిపించేది. అది మా ఇద్దరికీ సమానంగా దక్కిన వరం.

ఒక ఆదివారం విసుగొచ్చి, నాకు తెలిసిన ఏకైక పరిష్కారం అమలు చేశాను. ఫ్యాక్టరీ రంగు ఇంటికి తేకూడదు, అది సంస్థ సొత్తు. అందుకని కామేశ్వరి తిలకం సీసా తీసుకుని, నాబ్‌ను అరవై మీద పెట్టి, నాబ్ అంచునూ పెట్టెనూ కలుపుతూ ఎర్రటి చుక్క పెట్టాను. ఆరాక అది సీలు. కదిపితే పగులుతుంది.

యాదగిరి వంగి చూశాడు. "ఏందన్నా ఇది? మా డబ్బాకు బొట్టు వెట్టినవ్. లగ్గం జేస్తున్నవా?"

"సీలు వేశాను. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది."

తర్వాతి వారం చుక్క చెక్కుచెదరకుండా ఉంది. ఉన్నది నూట ఇరవై మీద. గోటితో గీకి, తిప్పి, తన భార్య తిలకంతో మళ్ళీ చుక్క పెట్టాడు. రంగు ఒక పిసరు ముదురుగా ఉండబట్టి పట్టుకున్నాను. ఆ ఏడాది నా డైరీల్లో మా అమ్మాయి పరీక్షల గురించి ఉన్నదానికంటే నాబ్ గురించే ఎక్కువ ఉంది. ఇక మా వంటింట్లో కామేశ్వరికి పుట్టింటివాళ్ళు పెట్టిన కంచు చెంబు ఒకటి ఉండేది. పాటలో ఏదో ఒక అడుగు స్వరం రాగానే అది అరమీద ఖంగున మోగేది. "మీరు అరవై అన్నా, ఆయన నూట ఇరవై అన్నా నా చెంబు ఒకేలా మోగుతోందండీ. మీరు తిప్పుతున్నది అసలు తిరుగుతోందా?" అని ఆవిడ ఎన్నోసార్లు అంది. చెంబుకు సంగీతం ఏం తెలుసని ఇద్దరం నవ్వాం. ఆ ఒక్క విషయంలో మాకు ఏకాభిప్రాయం ఉండేది.

దసరాకు ఫ్యాక్టరీలో యంత్రాలకు పూజ చేసి పసుపు, కుంకుమ పెడతారు. అదే రోజు సాయంత్రం బాలమణి వచ్చి డబ్బాకూ పూజ చేసేది. ముందు గుడ్డ పాడవుతుందని వెనక పలకకు నాబ్ అంకెలు వదిలి దాని చుట్టూ, వైరు దూర్చే కంతల చుట్టూ ధారాళంగా పసుపు రాసేది. కొని తెచ్చిన రోజు నుంచీ ప్రతి ఏటా అంతే. ఫ్యాక్టరీలో ప్రతి బోర్డూ చదివే నేను, దేవుడి పేరుతో రాసిన పసుపును గీకి కింద ఏముందో చూడాలని ఏనాడూ అనుకోలేదు. వైరు దూర్చడానికి రెండు కంతలుండేవి. పైదానికి చెయ్యి సులువుగా అందుతుందని దానిలో దూర్చాం.

తర్వాత రాష్ట్రం గురించిన ఉద్యమం ముదిరింది. ఉప్పల్ చౌరస్తాలో బస్సులు ఆగిపోయేవి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు వండేవారు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో బల్లలు వాటంతటవే రెండు వైపులకు జరిగాయి. యాదగిరి కండువా వేసుకుని ఊరేగింపుల ముందు నడిచేవాడు. రేపల్లె నుంచి మా బావమరిది ఫోను చేసి, "ఇల్లు అమ్మేసి వచ్చేయ్ బావా, అక్కడ మనకేం పని?" అనేవాడు. అమ్మడం, వెళ్ళడం అంటే నాకు అంత భయం లేదు. లెక్క వేసుకుని సామాను కట్టుకోవడం నాకు చేతనైన పనే. కానీ రేపల్లెలో ఆదివారం పదింటికి నేనేం చేస్తాను? నా సీలును గీకేవాడు ఆ ఊళ్ళో ఎవడున్నాడు? యాభై ఏళ్ళు వచ్చాక దొరికిన ఒకే ఒక్క స్నేహితుడు గోడ అవతల ఉన్నాడు. ఆ సంగతి ఆయనకు చెప్పే అలవాటు నాకు లేదు.

ఒక ఆదివారం యాదగిరి రోడ్డు మీద వంట దగ్గర్నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చాడు, ఒళ్ళంతా దుమ్ముతో, గొంతు పోయి. డప్పుల క్యాసెట్ పెట్టి, వంగి, చుక్కను గోటితో పగలగొట్టాడు. ఎప్పుడూ చాటుగా చేసేవాడు, ఆ రోజు నా ఎదురుగానే చేశాడు.

"నా ఇంట్లో నేను పెట్టిన సీలు అది. అడిగి తియ్యాలి కదండీ" అన్నాను.

"మా డబ్బాకు నీ సీలేందన్నా? నీ ఇంట్ల ఉన్నంత మాత్రాన నీదైతదా?"

"నేను నాదన్నానా? సరిగ్గా ఉండాలన్నాను."

"ఏది సక్కగున్నదో గది గూడ నువ్వే జెప్తవ్. మేమున్నదెందుకు మరి?"

ఇద్దరికీ తెలుసు, మాట నాబ్ దాటిపోయిందని. కామేశ్వరి పెసరట్టు పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది. యాదగిరి వైరు పీకి, "నా డబ్బా నేను తీస్కపోత" అన్నాడు. "తీసుకెళ్ళండి" అన్నాను. తీసుకెళ్ళాలంటే ఎత్తాలి. ఒక్కడికి లేవదు. ఆయన ఒక పక్క పట్టుకుని లేపి, దించి, మళ్ళీ లేపాడు. నేను కాసేపు గోడ గడియారం చూశాను. తర్వాత వెళ్ళి రెండో పక్క పట్టుకున్నాను. మాటలు తెగిపోయిన ఇద్దరు మనుషులం ఒక డబ్బాను చెరోవైపు మోసుకుంటూ మా గడప, వీధి మెట్టు, వాళ్ళ గడప దాటాం. గడప దగ్గర మాత్రం ఆయన అలవాటు కొద్దీ, "జర పైలం" అన్నాడు. నేను అలవాటు కొద్దీ, "కాలు చూసుకోండి" అన్నాను. వాళ్ళ హాల్లో అదే గోడకు అటువైపు ఆనించి దించాం. నేను వచ్చేశాను.

ఆ తర్వాత ఆదివారాలు ఎలా గడిచాయో రాయడానికి పెద్దగా లేదు. యాంప్లిఫయరు వేడెక్కేది, దుమ్ము వాసన వచ్చేది, పాట పెట్టకుండానే కట్టేసేవాణ్ణి. బాలమణీ కామేశ్వరీ మాత్రం ప్రహరీ మీదుగా గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. సర్వపిండి వచ్చేది. తినేవాణ్ణి కాదని చెబితే బాగుంటుంది కానీ, తినేవాణ్ణి.

ఒక ఆదివారం ఉండబట్టలేక యాంప్లిఫయరుకు రేడియో తగిలించి పెట్టాను. ఆ వేళప్పుడు పాత పాటల కార్యక్రమం వచ్చేది. మృదంగం మళ్ళీ అగ్గిపెట్టె మీద వేళ్ళే. రెండో పాట మొదలైందో లేదో, గోడ అవతల నుంచి ధమ్ ధమ్ మని మోత. యాదగిరి డబ్బాను తన రేడియోకు తగిలించాడన్నమాట. నన్ను ఉడికించడానికే అనుకున్నాను. లేచి స్విచ్చి మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అవతల మోగుతున్నది ఇదే పాట. అదే కార్యక్రమం, అదే తాళం. గోడలోంచి వస్తున్నది అడుగు మోత మాత్రమే, లావుగా, మెత్తగా. దానికి మూల లేదు, డబ్బా లేదు. పాడే ఆయన నా డైరీల మధ్య నిలబడి స్పష్టంగా పాడుతున్నాడు. మృదంగానికి ఒళ్ళు వచ్చింది. ఎక్కడ ఇది ఆగి అది మొదలవుతోందో వెతికినా దొరకలేదు. అన్నేళ్ళూ పాకి, తిప్పి, చుక్కలు పెట్టి సాధించలేనిది మా ఇద్దరి మధ్య మాటల్లేనప్పుడు కుదిరింది.

కామేశ్వరి గరిటెతో వచ్చింది. "డబ్బా ఎప్పుడు తెచ్చారండీ?"

"తేలేదు."

"మరి ఇంత బాగా... చెంబు కూడా మోగట్లేదే."

నేను వాల్యూమ్ కొంచెం పెంచాను. కాసేపటికి అవతల కూడా పెరిగింది. తగ్గించాను. అవతలా తగ్గింది. నాకు నవ్వొచ్చింది. పెరట్లోకి వెళ్ళేసరికి ప్రహరీ మీద యాదగిరి తల ఉంది.

"నీ దిక్కు ఎట్లున్నదన్నా?" అన్నాడు, ఎటో చూస్తూ.

"బ్రహ్మాండంగా ఉంది."

"నా తాన ఉత్త దబదబ, బొంగురు గొంతే ఇనొస్తున్నది. బరువు నేను మోస్తున్న, పాట నువ్వింటున్నవ్. గిదేం న్యాయం?"

"అయితే ఇటు రండి. పెసరట్టు వేస్తోంది."

వచ్చాడు. తన పాత కుర్చీలో కూర్చున్నాడు. అవతల ఖాళీ ఇంట్లో డబ్బా ఒంటరిగా మోగుతుంటే ఇద్దరం ఇటు కూర్చుని విన్నాం. బాలమణి చెవుల్లో పత్తి పెట్టుకుని వాళ్ళ అక్క ఇంటికి పీర్జాదిగూడ వెళ్ళిపోయింది. పాట అయ్యాక యాదగిరి పెసరట్టు చివరి ముక్క నోట్లో వేసుకున్నాడు. తర్వాత, "సూసినవా, నూట ఇరవై" అన్నాడు.

"అరవై అండీ. మీరు సీలు పగలగొట్టారు కానీ నాబ్ తిప్పలేదు."

"తీస్కపోయినంక నేను తిప్పిన."

"తిప్పితే ఇంత బాగా రాదు."

లేచి పక్కింట్లోకి వెళ్ళి నాబ్ చూస్తే తేలిపోయేది. ఇద్దరం లేవలేదు.

డబ్బా ఇక అటే ఉండిపోయింది. ప్రతి ఆదివారం యాదగిరి తన ఇంట్లో రేడియో పెట్టి, తాళం వేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. ఊరేగింపులు, బందులు జరుగుతూనే ఉన్నాయి. మాటలు అప్పుడప్పుడు వేడెక్కుతూనే ఉన్నాయి. కానీ పదింటికి కుర్చీ మాత్రం ఖాళీగా ఉండలేదు. రాష్ట్రం వచ్చిన రోజున మా వీధిలోకి లారీ ఎత్తు స్పీకర్లతో బండి వచ్చింది. దాని దెబ్బకు కంచు చెంబే కాదు, వంటింట్లో గరిటెలు, కిటికీ ఊచలు, నా పెట్టుడు పన్ను కూడా మోగాయి. యాదగిరి ముఖమంతా గులాలుతో, చేతిలో లడ్డూ పెట్టెతో వచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. ఇస్త్రీ చేసిన నా తెల్లచొక్కా గులాబీ రంగుకు తిరిగింది. చెవిలో అరిచాడు, బండి మోతలో వినపడాలని. "ఇల్లు అమ్ముతవంట?"

"ఎవరన్నారు?"

"వదిన బాలమణికి జెప్పింది. మీ బావమరిది తొందర వెడ్తుండంట."

"మీ డబ్బా తిరిగి మా ఇంటికి తెచ్చేదాకా అమ్మను" అని నేనూ అరిచాను.

"అయితే తేను పో" అన్నాడు, లడ్డూ నా నోట్లో కుక్కుతూ.

అన్నమాట ప్రకారం తేలేదు, పోయిన నెల దాకా. ఆయన మోకాళ్ళు అరిగాయి, వాళ్ళ అల్లుడు ఘట్‌కేసర్‌లో లిఫ్టున్న ఫ్లాటు చూశాడు. ఇక్కడి స్థలం బిల్డరు తీసుకున్నాడు. ఇప్పుడు గోడ అవతల హాలు లేదు, కప్పు లేదు, బాలమణి అత్తగారి ఫోటో మేకు ఒకటి ఎండలో కనబడుతోంది. రోజంతా మట్టి తవ్వే యంత్రం మోగుతుంది, చెంబు దానికి బదులిస్తుంది. ఉప్పల్ మీదుగా మెట్రో వెళ్తోంది, క్యాంటీన్ బల్లలు ఎటు ఉండేవో గుర్తున్నవాళ్ళు తగ్గిపోయారు. మా అమ్మాయి నా పుట్టినరోజుకు మంచినీళ్ళ గ్లాసంత స్పీకరు ఇచ్చింది. పెట్టగానే అది గదిని తనంతట తానే కొలుచుకుంటుందట, అడుగు మోత పై మోత తానే సర్దుకుంటుందట. నిజంగానే అతుకు లేదు. మాకున్న సంగీతం కంటే మంచి సంగీతం వస్తుంది, ఒప్పుకోవాలి. కానీ దానికోసం ఎవరూ పాకక్కర్లేదు, ఎవరి తలా ఎవరికీ తగలదు. దానికి తిప్పడానికి నాబ్ కూడా లేదు. ఎర్ర చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని అలాగే చూస్తూ కూర్చుంటాను.

మొన్న గురువారం డబ్బాను శుభ్రం చేద్దామని తడిగుడ్డ పట్టుకున్నాను. మళ్ళీ నా స్పీకర్లకు తగిలించి చూడాలని ఆశ. వెనక పలక మీద పసుపు అట్టకట్టింది. దేవుడికి ఒక దండం పెట్టుకుని నెమ్మదిగా రుద్దాను. పసుపు నీళ్ళు కారి, కింద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కళ్ళజోడు మార్చుకుని చదివాను. పై కంతలో వైరు దూర్చితే నాబ్ పనిచేయదు, హద్దు ఏర్పరచాలంటే కింది కంత వాడాలి, అని ఉంది.

మేము ఏనాడూ కింది కంత వాడలేదు.

నేలమీదే కూర్చుండిపోయాను. అరవై లేదు, నూట ఇరవై లేదు. బానలోంచి వచ్చినట్టున్న ఆ గొంతు, హద్దు అనేదే లేని డబ్బా పాటంతటినీ పాడటానికి చేసిన ప్రయత్నం. నా మృదంగం ముత్యాలు, ఆయన ఛాతి మీద దరువు, అన్నీ మా చెవులు మర్యాద కోసం చెప్పిన సాక్ష్యాలు. పై మోతల్ని ఆపి అడుగు మోతను మాత్రమే ఇటు వదిలినది ఆ ఇటుక గోడ. హద్దు పని అదే చేసింది. ఇన్‌స్పెక్షన్ విభాగంలో నా ఉద్యోగం అంతా గడిపి, ఎటూ కలవని ఒక నాబ్‌కు ఏళ్ళ తరబడి సీలు వేస్తూ వచ్చానన్నమాట. నిజం తెలిసింది చెంబు ఒక్కదానికే.

వెంటనే ఘట్‌కేసర్‌కు ఫోను చేశాను. "యాదగిరి గారూ, డబ్బా తుడిచాను. ఆ నాబ్ సంగతి..." అని మొదలుపెట్టాను.

"నాబ్ ముట్టినవా?" అవతల గొంతు ఒక్కసారిగా పదేళ్ళు చిన్నదైంది. "అన్నా, నీకు దండం వెడ్త. దాన్ని నూట ఇరవై మీద వెట్టి ఇచ్చిన. తిప్పినవా ఏంది?"

ఫ్లాటుకు వెళ్ళాక ఆయన ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నాడని, బయటికి రావట్లేదని బాలమణి చెప్పి ఉంది. చేతిలోని తడిగుడ్డను ఆ తెల్లటి అక్షరాలకు అడ్డంగా పట్టాను.

"తిప్పాను. అరవై మీద పెట్టాను" అన్నాను.

"అరే! గందుకే నీకియ్యొద్దనుకున్న! అరవైల డప్పు సస్తది అన్నా, ఎన్నిసార్లు జెప్పాలె?"

"చావదండీ. అరవయ్యే సరైంది. వచ్చి వినండి కావాలంటే."

"వస్త. అయితారం పదింటికి వస్త. క్యాసెట్ గూడ తెస్త. అప్పటిదాంక ముట్టకు."

ఫోను పెట్టేసి, నాబ్‌ను అరవై మీదకు తిప్పాను. వైరును పై కంతలోనే దూర్చాను. తిలకం సీసా కోసం లేచి, ఆ తెల్లటి అక్షరాలు గుర్తొచ్చి వంటింటి వైపు తిరిగాను.

"కామేశ్వరీ, కాస్త పసుపు తడిపి ఇస్తావా? దట్టంగా ఉండాలి."

"ఇవాళ ఏం పండగండీ?" అంది లోపల్నుంచి.

"ఆదివారం యాదగిరి వస్తున్నాడు" అన్నాను.

ఆవిడ అరమీంచి కంచు చెంబు దించి, లోపలి గదిలో పెట్టిన చప్పుడు వినబడింది.